గీతలూ పట్టీలూ

పోయిన ఆదివారం పొద్దున హబ్సిగూడలోని మా ఇంట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నీలంగా మండుతున్న గ్యాసు మంట ఒక్కసారిగా పసుపు రంగుకు తిరిగి, పడ్డ పాలు మాడి ఇంకిపోయిన తర్వాత మెల్లగా మళ్లీ నీలానికి వచ్చింది. పాలు పొంగే సంగతి నేను గమనించకపోవడానికి కారణం, వంటింటి దీపం ఆర్పి, కిటికీకి దుప్పటి కట్టి, ఒక అట్టపెట్టెలోంచి ఆ మంటనే చూస్తూ ఉండటం. ఉస్మానియా బిస్కెట్లు వచ్చిన పెట్టె అది. దానికి ఒక చివర రెండు షేవింగ్ బ్లేడు ముక్కలను వెంట్రుకవాసి సందు వదిలి ఎదురెదురుగా అంటించి, రెండో చివర వెండిపూత ఒలిచేసిన డీవీడీ ముక్కను బిగిస్తే మోటుదే అయినా పనికివచ్చే వర్ణపటదర్శిని, అంటే కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం, తయారవుతుంది. “పాలు చూడమంటే మంట చూస్తున్నారేమిటండీ” అని మా ఆవిడ అడిగిన దానికి నా దగ్గర సమాధానం లేదు గాని, ఆ అర నిమిషంలో కనిపించినది మాత్రం నేను ఏళ్ల తరబడి డిగ్రీ విద్యార్థులకు బోర్డు మీద గీసి చెబుతున్న పాఠమంతటికీ సరిపోయింది.

పాలు పొంగక ముందు, నీలం మంటలో నాలుగు మసక పట్టీలు కనిపిస్తున్నాయి: ఊదా రంగులో ఒకటి, నీలంలో ఒకటి, ఆకుపచ్చలో అన్నింటికంటే స్పష్టంగా ఒకటి, పసుపు కలిసిన పచ్చలో మరొకటి. ఒక్కొక్కటీ ఎరుపు వైపు అంచులో కత్తితో కోసినట్లు ఆగిపోయి, ఊదా వైపు పోనుపోను పలచబడుతోంది. పాలు పడగానే వాటి పక్కన, పసుపు రంగులో, సూది మొనతో గీసినట్టు ఒకే ఒక గీత వెలిగింది. దానికి పలచబడటం లేదు, అంచులు లేవు, ఉన్నదంతా ఒకచోటే ఉంది. పసుపు గీత పాలలోని ఉప్పుది, అంటే సోడియం పరమాణువుది. పట్టీలు మంటలో క్షణకాలం పుట్టి పోయే అణువులవి: ఊదాలోది కార్బన్, హైడ్రోజన్ కలిసిన సీహెచ్ ది, మిగిలిన మూడూ రెండు కార్బన్లు జతకట్టిన సీ2 ది. పరమాణువు గీత గీస్తుంది, అణువు పట్టీ పరుస్తుంది. ఈ తేడా ఎందుకు వచ్చిందో వివరించగలిగితే పరమాణు, అణు వర్ణపటశాస్త్రపు మూలసూత్రాలు దాదాపు అన్నీ చెప్పినట్టే.

ముందుగా గీత అనే మాట సంగతి. వర్ణపటంలో కనిపించే గీత ఆకారం పరమాణువు ఇచ్చినది కాదు, మనం పెట్టిన సందుది. సందు స్థానంలో చుక్క ఆకారపు రంధ్రం పెడితే పసుపు చుక్క కనిపిస్తుంది. పరమాణువు ఇచ్చేది ఒక తరంగదైర్ఘ్యం, అంటే ఒక కచ్చితమైన రంగు, మాత్రమే. ఆ తరంగదైర్ఘ్యంలో సందు బొమ్మ ఎక్కడ పడుతుందో గ్రేటింగ్, అంటే డీవీడీ గాడుల్లాంటి సన్న గీతలున్న పలక, నిర్ణయిస్తుంది. ఈ చిన్న విషయం నాకు డిగ్రీ రెండో సంవత్సరంలో సిగ్గుపడి నేర్చుకోవలసి వచ్చింది. సోడియం దీపం, స్పెక్ట్రోమీటరు, అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగ్ ఇచ్చి తరంగదైర్ఘ్యం కొలవమన్నారు. వెలుతురు చాలడం లేదని నేను సందును బాగా వెడల్పు చేసి, మెరిసిపోతున్న ఒకే పసుపు గీతను చూసుకుని, రికార్డులో ఒకే విలువ రాసుకుని వెళ్లాను. “ఆ గీత లావు సోడియానిది కాదురా, నీ స్లిట్‌ది” అని మా లెక్చరర్ రికార్డు తిరిగి నా చేతిలో పెట్టారు.

ఎందుకంటే సోడియం పసుపు గీత నిజానికి రెండు గీతలు: ఒకటి 589.0 నానోమీటర్ల దగ్గర, రెండోది 589.6 దగ్గర. ఆ గ్రేటింగ్‌తో మొదటి శ్రేణిలో, అంటే నేరుగా వచ్చే కాంతి పక్కన మొదట పడే వర్ణపటంలో, అవి సుమారు 20 డిగ్రీల 22 నిమిషాల కోణంలో పడతాయి. రెండింటికీ మధ్య ఎడం ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) మీద కొంచెం, అంతే. మా స్పెక్ట్రోమీటరు వెర్నియర్ చూపగలిగిన కనీస కొలత కూడా ఒక నిమిషమే. రెండో శ్రేణికి, అంటే దాదాపు 44 డిగ్రీలకు టెలిస్కోపును తిప్పితే వెలుతురు తగ్గుతుంది గాని, ఎడం మూడు నిమిషాలు దాటుతుంది. సందును బాగా సన్నం చేసి, కన్ను చీకటికి అలవాటు పడేదాకా ఆగి చూసినప్పుడు ఆ గీత రెండుగా విడిపోయిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. నా బిస్కెట్ల పెట్టెలో మాత్రం అవి విడిపోవు. డీవీడీకి మిల్లీమీటరుకు 1,350 దాకా గాడులున్నా, అట్ట వంకరలు, సందు వెడల్పు ఆ లాభమంతా మింగేస్తాయి.

ఇక పరమాణువు తరంగదైర్ఘ్యాన్ని అంత కచ్చితంగా ఎంచుకోవడానికి కారణం చూద్దాం. 1885లో బామర్ అనే స్విస్ లెక్కల ఉపాధ్యాయుడు హైడ్రోజన్ గీతలైన 656.3, 486.1, 434.0, 410.2 నానోమీటర్లను ముందు పెట్టుకుని, అవన్నీ ఒకే సూత్రానికి లొంగుతాయని కనిపెట్టాడు. 3, 4, 5, 6 అనే అంకెల్లో ఒకదాని వర్గాన్ని, అదే వర్గంలోంచి 4 తీసివేయగా వచ్చిన దానితో భాగించి, 364.6 తో గుణిస్తే గీత వచ్చేస్తుంది. 3 వేసి చూడండి: తొమ్మిదిని అయిదుతో భాగించి గుణిస్తే 656.3. సూత్రం ఎందుకు పనిచేస్తుందో బామర్‌కు తెలియదు. 1913లో బోర్ చెప్పిన జవాబు ఏమిటంటే, పరమాణువులో ఎలక్ట్రాన్‌కు కొన్ని శక్తి స్థాయిలు మాత్రమే అనుమతమైనవి. పై స్థాయి నుంచి కింది స్థాయికి దిగినప్పుడు ఆ రెండింటి తేడా ఎంతో అంత శక్తి గల ఒక్క కాంతికణం బయటికి వస్తుంది, అదే శక్తి గల కాంతికణం తగిలితే కింది నుంచి పైకి వెళ్తుంది. తరగతిలో దీన్ని వీణ మెట్లతో పోలుస్తూ ఉంటాను. అయితే ఒక మెట్టు మీదే తీగను లాగి గమకం పలికించగలమే, పరమాణువుకు ఆ సౌకర్యం లేదు.

శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో, అంటే పరమాణువుల లెక్కల్లో వాడే చిన్న కొలతలో, తెలుసుకోవడానికి గుర్తుంచుకోవలసిన అంకె ఒక్కటే, 1240. దాన్ని నానోమీటర్లతో భాగిస్తే చాలు. 589 తో భాగిస్తే సోడియం గీతకు సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. ఆ గీత రెండుగా చీలడానికి కారణం ఎలక్ట్రాన్‌కు తనదైన స్పిన్, అంటే చిన్న అయస్కాంతంలా ప్రవర్తించే గుణం, ఉండటం. కేంద్రకం చుట్టూ తిరుగుతున్నందువల్ల కలిగే అయస్కాంత ప్రభావంతో స్పిన్ ఒక దిశలో ఉంటే శక్తి కొద్దిగా ఎక్కువ, మరో దిశలో ఉంటే కొద్దిగా తక్కువ. పై స్థాయి రెండుగా విడిపోతుంది. తేడా 0.002 ఎలక్ట్రాన్ వోల్టు మాత్రమే. నా రికార్డును వెనక్కి పంపించింది అంతపాటి తేడాయే.

ఉద్గారానికి (కాంతిని ఇవ్వడానికి), శోషణానికి (మింగడానికి) మెట్లు ఒకటే అన్న మాటకు మంచి రుజువు మా వీధి చివర ఉంది. నగరంలో వీధి దీపాలు చాలావరకు ఎల్ఈడీలకు మారిపోయినా, అక్కడ ఒక ఆవరణలో పాత అధిక పీడన సోడియం దీపం ఇంకా వెలుగుతోంది. పెట్టెలోంచి చూస్తే దాని పసుపు విశాలంగా పరుచుకుని ఉండి, ఖచ్చితంగా మధ్యలో, అంటే వెలుగు అన్నింటికంటే ఎక్కువ ఉండవలసిన చోట, నల్లటి చీలిక కనిపిస్తుంది. లోపలి వేడి ఆవిరి నుంచి వచ్చిన కాంతిని, గొట్టం గోడల దగ్గర చల్లగా ఉన్న సోడియం పరమాణువులే తిరిగి మింగేస్తున్నాయి. సూర్యుడిలో జరిగేదీ ఇదే. 1814లో ఫ్రౌన్‌హోఫర్ సూర్యకాంతిలో 570కి పైగా నల్ల గీతలను లెక్కపెట్టి, పసుపులోని జంటకు డీ అని పేరు పెట్టాడు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ అవి సోడియానివేనని తేల్చారు. మరుసటి రెండేళ్లలో వాళ్లిద్దరూ గీతల రంగు చూసే సీజియం, రుబీడియం అనే కొత్త మూలకాలను పట్టుకున్నారు.

తెలుగు నేల ఈ కథలోకి 1868 ఆగస్టు 18న వచ్చింది. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి చూసిన జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, సూర్యుడి అంచున లేచిన జ్వాలల కాంతిలో మెరిసే గీతలను చూశాడు. అవి ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ పట్టుకోగలిగాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్ పరిశీలించాడు. ఆ గీతల్లో పసుపు గీత ఒకటి సోడియానిదై ఉంటుందని అనుకోవడం సహజమే గాని, దాని స్థానం 587.6 నానోమీటర్లు. ఇంగ్లండులో లాకియర్ దాన్ని ఏ తెలిసిన మూలకంతోనూ సరిపోల్చలేక కొత్త మూలకమన్నాడు. అదే హీలియం, భూమి మీద రామ్జే చేతికి అది 1895లో గాని చిక్కలేదు. నా పాత గ్రేటింగ్‌తో లెక్క వేస్తే, ఆ గీతకూ దగ్గరి సోడియం గీతకూ మధ్య కోణం మూడు నిమిషాలు. సందు వెడల్పు చేసి తృప్తిపడే నాలాంటి విద్యార్థి ఆ రోజు గుంటూరులో ఉంటే హీలియం సోడియంలో కలిసిపోయేది. (1980 ఫిబ్రవరి 16 నాటి గ్రహణం హైదరాబాదు దగ్గరి రంగాపూర్‌లోని ఉస్మానియా వారి వేధశాల మీదుగానే వెళ్లింది. ఇంత దగ్గరలో ఉండి కూడా, కిటికీలు మూసిన గదిలో దర్భలు వేసిన ఊరగాయ జాడీల పక్కన మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.)

మంటలో పడ్డ సోడియం అంతా వెలుగుతుందనుకుంటే పొరపాటు. 2000 కెల్విన్ల మంటలో ఏ క్షణానైనా పై మెట్టు మీద ఉన్నవి లక్ష పరమాణువుల్లో ఒకటో రెండో. అవి కూడా సుమారు 16 నానోసెకన్లలో కిందికి దిగిపోతాయి. తక్కినవన్నీ కింది మెట్టు మీదే ఊరికే ఉన్నాయి. వెలిగేవాటిని లెక్కించే కన్నా, ఊరికే ఉన్నవాటి చేత కాంతిని మింగించి ఎంత తగ్గిందో కొలవడం మేలు కదా అనే ఆలోచనతో 1955లో ఆస్ట్రేలియాలో ఆలన్ వాల్ష్ పరమాణు శోషణ పద్ధతిని ముందుకు తెచ్చాడు. నీటిలో సీసం చూడాలంటే సీసంతోనే చేసిన దీపాన్ని వెలిగించి, 283.3 నానోమీటర్ల కాంతిని నీటి తుంపర మండుతున్న మంటలోంచి పంపుతారు. సీసపు దీపం కాంతిని సీసం మాత్రమే మింగుతుంది కనుక, అదే నీటిలోని కాల్షియమో ఇనుమో లెక్కను పెద్దగా చెడగొట్టవు.

ఇప్పుడు పట్టీల సంగతి. పరమాణువు దగ్గర మార్చుకోవడానికి ఎలక్ట్రాన్ స్థాయి తప్ప మరేమీ లేదు. అణువుకు మాత్రం అదనంగా రెండు పనులున్నాయి: దానిలోని పరమాణువులు స్ప్రింగుతో కట్టిన గుండ్లలా దగ్గరకూ దూరంగానూ కంపిస్తాయి, మొత్తం అణువు గిరగిర తిరుగుతుంది. ఈ కంపనానికీ భ్రమణానికీ కూడా మెట్లే ఉన్నాయి, కాకపోతే వాటి ఎత్తులు వేరు. ఎలక్ట్రాన్ వోల్టును రూపాయి అనుకుంటే, మా పొయ్యిలోని సీ2 అణువు ఆకుపచ్చ పట్టీ అంచు 516.5 నానోమీటర్లు, అంటే రెండు రూపాయల నలభై పైసలు. నీలంలోని పట్టీ అంచు 473.7, అంటే రెండు అరవై రెండు. పసుపుపచ్చది 563.5, అంటే రెండు ఇరవై. మూడింటి మధ్యా ఎడం సుమారు ఇరవై పైసలేనని చూడగానే తెలుస్తుంది. ఆ ఇరవై పైసలే ఆ అణువు కంపనంలోని ఒక మెట్టు: ఎలక్ట్రాన్ కిందికి దిగుతూ కంపనంలోంచి ఒక మెట్టు కూడా కలిపి ఇచ్చేస్తే నీలం పట్టీ, కంపనానికి ఒక మెట్టు మిగిల్చి ఇస్తే పసుపుపచ్చ పట్టీ, కంపనాన్ని ముట్టుకోకపోతే ఆకుపచ్చ పట్టీ. భ్రమణపు మెట్టు పైసాలో ఇరవయ్యో వంతు మాత్రమే. ఒక్కో పట్టీ నిజానికి అలాంటి చిల్లర తేడాలతో పక్కపక్కనే పడ్డ వందలాది గీతల గుంపు. నా పెట్టె వాటిని విడదీయలేదు కనుక అది మసకగా పరుచుకున్నట్టు కనిపిస్తుంది, గీతలు వెనక్కి మళ్లి ఒకదాని మీద ఒకటి పేరుకున్న చోట పదునైన అంచు ఏర్పడుతుంది. 2023 ఆరంభంలో ఆకాశంలో కనిపించిన తోకచుక్క తల ఆకుపచ్చగా ఉండటానికి కూడా ఈ సీ2 పట్టీలే కారణం.

భ్రమణపు గీతలను విడివిడిగా చూడాలంటే మంచి ఉదాహరణ హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు. ఎమ్మెస్సీలో ఉండగా ఒక పరిశోధనశాలలో మాకు దాని పరారుణ (ఎరుపుకు అవతల, కంటికి కనిపించని కాంతి) వర్ణపటాన్ని తీసి చూపించారు. చార్టు కాగితం కదులుతుంటే పెన్ను ఒక్కొక్క పల్లాన్నీ గీసుకుంటూ పోయింది. సెంటీమీటరుకు 2886 అనే తరంగసంఖ్య (ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల లెక్క) దగ్గర, కంపనపు మెట్టు ఉండవలసిన సరిగ్గా అదే చోట, ఏ గీతా లేదు. దానికి రెండు పక్కలా దువ్వెన పళ్లలా గీతలు, సుమారు ఇరవై చొప్పున ఎడంతో. కంపనం మారినప్పుడు భ్రమణం కూడా ఒక మెట్టు పైకో కిందికో మారి తీరాలి, ఉన్నచోట ఉండకూడదు అనే నియమం వల్ల నడిమి పన్ను ఊడిపోయింది. దువ్వెన పళ్ల ఎడం నుంచి అణువు జడత్వ భ్రామకం (తిరగడానికి అది చూపే బద్ధకం), దాని నుంచి హైడ్రోజన్‌కూ క్లోరిన్‌కూ మధ్య దూరం 0.127 నానోమీటర్లని లెక్కకట్టవచ్చు. అంత చిన్న దూరాన్ని ఒక కాగితమూ ఒక స్కేలూ పెట్టుకుని మేము హాస్టల్ గదిలో తేల్చుకున్నాం. పరీక్షగా చూస్తే ప్రతి పన్ను పక్కనా దానిలో మూడో వంతు లోతున్న చిన్న పన్ను కూడా ఉంది. క్లోరిన్‌లో 35 భారం గలవి మూడు ఉంటే 37 భారం గలది ఒకటి ఉంటుందనడానికి అది సాక్ష్యం.

కంపించే ప్రతి అణువూ పరారుణ కాంతిని మింగదు. కంపనంతో పాటు అణువులోని ధన, రుణ విద్యుత్తుల ఎడం, అంటే ద్విధ్రువ భ్రామకం, కూడా మారితేనే కాంతికి దాన్ని పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది. గాలిలో అధిక భాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల్లో రెండు పక్కలా ఒకే పరమాణువు కనుక ఆ పిడి లేదు. కార్బన్ డయాక్సైడ్ నిలువుగా సాగి ముడుచుకునే తీరుల్లో ఒకటి, వంగే తీరు, ఈ రెండూ పిడి ఇస్తాయి. వంగే కంపనం 15 మైక్రోమీటర్ల దగ్గర, భూమి వేడిని వెళ్లగక్కే పరారుణానికి సరిగ్గా అడ్డంగా పడుతుంది. గాలిలో పదివేలకు నాలుగైదు పాళ్లు మాత్రమే ఉన్న వాయువు వాతావరణాన్ని మార్చగలగడానికి ఇదే ఆధారం. ఇదే అదనుగా ఒక మాట: మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ తరంగం నీటి అణువు భ్రమణపు మెట్టుకు సరిపోవడం వల్ల వేడి పుడుతుందని కొన్ని పుస్తకాల్లో కూడా కనిపిస్తుంది, అది తప్పు. నీటి ఆవిరి భ్రమణ గీతలు 22, 183 గిగాహెర్ట్జ్‌ల వంటి చోట్ల ఉన్నాయి. ద్రవంలో అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్ల స్వేచ్ఛగా తిరగనే తిరగవు, మారుతున్న విద్యుత్ క్షేత్రం వెంట తిరగబోయి వెనకబడటం వల్లే వేడెక్కుతాయి.

పరారుణానికి పిడి ఇవ్వని కంపనాలను పట్టుకునే మరో దారి రామన్ చూపినది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్, కృష్ణన్ కలిసి గుర్తించినదేమిటంటే, అణువు మీద పడి చెదిరిన కాంతిలో బహుకొద్ది భాగం, దాదాపు కోటి కణాల్లో ఒకటి, అణువుకు ఒక కంపనపు మెట్టంత శక్తిని ఇచ్చి లేదా తీసుకుని రంగు మారి వస్తుంది. ఇక్కడ కావలసినది ద్విధ్రువం మారడం కాదు, ఎలక్ట్రాన్ మబ్బు ఎంత సులువుగా సాగుతుందన్నది మారడం. అందువల్ల నైట్రోజన్ కూడా ఇక్కడ తన 2331 తరంగసంఖ్యను చూపిస్తుంది. ఏ కంపనం పరారుణంలో కనిపిస్తుంది, ఏది రామన్‌లో కనిపిస్తుంది అనేదాన్ని అణువు సౌష్ఠవం నుంచే ముందుగా చెప్పవచ్చునని లెక్కలు కట్టిన వాళ్లలో మన సూరి భగవంతం ఒకరు. నిజాం కాలేజీలో చదివి, రామన్ దగ్గర పనిచేసి, వాల్తేరులో పాఠం చెప్పి, 1950లలో ఉస్మానియాకు ఉపకులపతిగా వచ్చిన ఆయన, వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతం (సౌష్ఠవాన్ని లెక్కించే గణితం) మీద రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో అచ్చు వేసింది. నా విద్యార్థుల్లో నగరం చుట్టూ ఉన్న మందుల కంపెనీల్లో చేరినవాళ్లు ఈ రోజు గోదాములో ముడిసరుకు సంచి విప్పకుండా, పాలిథీన్ పొర మీదుగానే చేతిలో పట్టే రామన్ పరికరం ఆనించి లోపల ఉన్నది చీటీ మీద రాసిన పదార్థమేనా అని చూసుకుంటారు. రామన్‌కు నీరు పెద్ద అడ్డు కాదు, పరారుణానికి తడి తగిలితే చాలు, చార్టు అంతా నీరే కనిపిస్తుంది.

బిస్కెట్ల పెట్టె అసలు చేసింది పోయిన దీపావళికి. మేడ మీద నిలబడి పక్కింటి పిల్లలు వెలిగించిన మతాబుల్లోకి దాన్ని తిప్పాను. ఎరుపు స్ట్రాన్షియంది, ఆకుపచ్చ బేరియంది అని పుస్తకాల్లో రాసి ఉంటుంది గాని, ఆ రంగులకు అసలు కర్తలు పరమాణువులు కావు. మంటలో క్లోరిన్‌తో కలిసి ఏర్పడే స్ట్రాన్షియం క్లోరైడ్, బేరియం క్లోరైడ్ అణువులు. అందుకే ఎరుపులో 600 నుంచి 680 దాకా, ఆకుపచ్చలో 505 నుంచి 535 దాకా పట్టీలు కనిపించాయి. ప్రతి దానిలోనూ, పిలవని పేరంటానికి వచ్చినట్టు, సోడియం గీత ఉండనే ఉంది; మందుగుండులో పిసరంత మలినం చాలు దానికి. నీలం రాగి క్లోరైడ్ అణువుది, మంట వేడి కొంచెం ఎక్కువైనా ఆ అణువు చిట్లిపోతుంది, కనుక మంచి నీలం తయారు చేయడం బాణసంచా చేసేవాళ్లకు ఎప్పుడూ తలనొప్పే. పిల్లల దగ్గర నీలం మతాబు ఒకటే ఉంది. నేను సందు సరిచేసుకునేలోగా అది ఆరిపోయింది.